బాబాయ్ డైరీలో 44వ స్క్వాడ్రన్

2021 ఏప్రిల్ 23, శుక్రవారం. కరోనా సెకండ్ వేవ్ ఊపిరాడనివ్వని రోజులు అవి. మేముండేది బోయినపల్లిలో, డాబా మీద బట్టలు ఆరేస్తుంటే తల మీదుగా బూడిద రంగు విమానం ఒకటి బేగంపేట వైపు దిగింది, అంత పెద్దది మా ఏరియాలో నేనెప్పుడూ చూళ్ళేదు. టీవీ పెడితే తెలిసింది, అది ఎయిర్ ఫోర్స్ వాళ్ళ సీ-17, ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లని బేగంపేటలో ఎక్కించుకుని భువనేశ్వర్ తీసుకెళ్తోంది, ఒడిశాలో నింపుకున్నాక అవి నేల మీద వెనక్కి వస్తాయి, పోయేటప్పటి టైమన్నా కలిసొస్తుందని. వెంటనే మా బాబాయ్‌కి ఫోన్ చేశా.

బాబాయ్ ఎయిర్ ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, అంటే విమానం బాడీ బాగోగులు చూసే మెకానిక్. రిటైరై పొన్నూరు దగ్గర మా ఊళ్ళోనే ఉంటాడు. సంగతి చెప్పగానే సంతోషపడతాడనుకున్నా గానీ ఆయన ముందు అడిగింది ఇదీ: "ఖాళీ ట్యాంకరు ఒక్కోటి ఎంత బరువుంటుందిరా? గొలుసులేసి కట్టారా, పట్టీలా? టీవీలో చూపిస్తే చూసి చెప్పు." నాకేం తెలుసు, ట్యాంకరు లోపలికెళ్ళడం వరకే చూపించారు అన్నా. "కట్టడం చూపించరు, ఎప్పుడూ చూపించరు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. ఫైటర్ విమానాల గురించి మనకి బోలెడు తెలుసు, మిగ్ అంటే చిన్నపిల్లలు కూడా చెప్తారు, అభినందన్ పేరు తెలియని వాళ్ళు లేరు. బరువులు మోసే స్క్వాడ్రన్ల (విమాన దళాల) గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మా బాబాయ్ సర్వీసులో రెండుసార్లు 44వ స్క్వాడ్రన్‌లో పనిచేశాడు, 1970ల్లో చండీగఢ్‌లో ఒకసారి, మళ్ళీ 1980ల చివర్లో ఆగ్రాలో. ఆయన దగ్గర చిన్నప్పట్నుంచీ విన్నదీ, తర్వాత నేను సొంతంగా చదువుకున్నదీ కలిపి రాయాలని మూడేళ్ళుగా అనుకుంటున్నా, ఇప్పటికి కుదిరింది.

ముందు ఒక సంగతి చెప్పాలి. బాబాయ్ దగ్గర పాత డైరీలు ఉన్నాయి, గళ్ళ అట్టవి, మూడు. అందులో ఆఫీసు రహస్యాలేం ఉండవు, ఉత్తరాలకి పెట్టిన ఖర్చు, పిన్ని రాయించుకున్న సామాన్ల లిస్టు, అలాంటివే. కానీ ఆయన ఏ సంవత్సరాన్ని గుర్తు చేసుకోవాలన్నా ముందు అప్పుడేం మోశారో గుర్తు చేసుకుంటాడు. మనం పెద్ద తుఫాను వచ్చిన ఏడు, అక్క పెళ్ళయిన ఏడు అన్నట్టు ఆయన "ట్యాంకులు ఎక్కించిన ఏడు", "బాంబులు పెట్టిన ఏడు" అంటాడు. తను లేనప్పటివి కూడా అలాగే చెప్తాడు, స్క్వాడ్రన్‌లో సీనియర్ల దగ్గర విన్నవి.

44వ స్క్వాడ్రన్ పుట్టింది 1961లో, ఆంటొనోవ్-12 అనే రష్యన్ విమానాలతో. అప్పట్లో రష్యన్ అని అనేవాళ్ళు కానీ ఆ ఆంటొనోవ్ డిజైన్ ఆఫీసు ఉన్నది కీవ్‌లో, అంటే ఇవాళ్టి ఉక్రెయిన్‌లో. దానికి ముందు మన దగ్గర డకోటా విమానాలు, అమెరికా వాళ్ళ ప్యాకెట్ అనే విమానాలు ఉండేవి. డకోటా రెండో ప్రపంచ యుద్ధం నాటి బండి. 1948 మే 24న ఎయిర్ ఫోర్స్ పైలట్ మెహర్ సింగ్ గారు జనరల్ తిమ్మయ్యని ఎక్కించుకుని లడఖ్‌లోని లే ఊళ్ళో మొట్టమొదటిసారి విమానం దింపింది ఆ డకోటాతోనే. లోపల గాలి ఒత్తిడి సర్దే ఏర్పాటు లేదు, రెక్కల మీద మంచు కరిగించే ఏర్పాటు లేదు, మ్యాపులు కూడా సరైనవి లేవు, అయినా జోజిలా కనుమ మీదుగా వెళ్ళి, పది వేల అడుగులు దాటిన ఎత్తులో, కొత్తగా చదును చేసిన నేల మీద దించాడాయన. ఆ కథ మళ్ళీ ఇంకో రోజు విడిగా రాయాలి, దానికి ఈ పోస్టులో చోటు చాలదు.

ఒక జనరల్‌ని దించడం వేరు, చలికాలమంతా అక్కడుండే సైన్యానికి బియ్యం, కిరోసిన్, మందుగుండు, పొయ్యిలు, సిమెంటు అన్నీ పైకి చేర్చడం వేరు. జోజిలా నవంబర్ వచ్చేసరికి మంచుతో మూసుకుపోతుంది, ఇక వేసవి దాకా ఆకాశమే దారి. డకోటా రెండు మూడు టన్నుల బండి. ఆంటొనోవ్-12కి నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు, కింద మైదానంలో అయితే 20 టన్నుల దాకా ఎత్తగలదు. పైన గాలి పల్చగా ఉంటుంది కాబట్టి అంత కుదరదు, అయినా డకోటా ఎక్కడ, ఇదెక్కడ. చండీగఢ్‌లో పొద్దున్నే లేచి, కొండలు దాటి లేలో దింపి, మధ్యాహ్నం గాలులు మొదలయ్యే లోపే వెనక్కొచ్చేయాలి. లే రన్‌వే ఒకవైపు నుంచే దిగాలి, రెండో వైపు నుంచే ఎగరాలి, ఎదురుగా కొండ, ఒకసారి లోయలోకి దిగాక 'అబ్బే, మళ్ళీ తిరిగొచ్చి దిగుదాం' అనుకునే వీలు దాదాపు లేదు. అది ఏదో ఒకరోజు సాహసం కాదు, వాతావరణం బాగున్న ప్రతి రోజూ చేసే డ్యూటీ.

ఇంకో విషయం, ఇది వినేదాకా నాకు తెలియదు. ఆంటొనోవ్-12లో గాలి ఒత్తిడి ఉండేది ముందు క్యాబిన్‌లోనే. సామాను పెట్టే వెనక భాగానికి ఆ ఏర్పాటు లేదు. సెలవు అయిపోయి డ్యూటీకి తిరిగెళ్ళే జవాన్లు ఆ వెనకే కూర్చునేవాళ్ళు, సామాన్ల మధ్య, కోట్లు కప్పుకుని, ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని. కింద పంజాబ్‌లో ఎండ, గంట తర్వాత లడఖ్ చలి. "మన వైపు కుర్రాళ్ళు కొందరు మొదటిసారి ఎక్కి వణికిపోయేవాళ్ళురా, తెలుగులో మాట్లాడితే కాస్త ధైర్యమొచ్చేది వాళ్ళకి. తలుపు మూసే ముందు నాలుగు మాటలు మాట్లాడేవాణ్ణి" అని బాబాయ్ చెప్పాడు. ఆ నాలుగు మాటలూ ఏంటి బాబాయ్ అంటే, "ఏ ఊరు, ఇంట్లో ఎవరున్నారు, అంతే" అన్నాడు.

స్క్వాడ్రన్‌కి ఇంకా రెండేళ్ళు నిండలేదు, 1962 వచ్చింది. అక్టోబర్ 20న చైనా యుద్ధం మొదలైంది. లడఖ్‌లో చుషూల్ దగ్గర మన వాళ్ళకి ట్యాంకులు లేవు, రోడ్డు మీద టైముకి చేర్చే వీలు లేదు. చుషూల్ ఎయిర్‌స్ట్రిప్ లే కన్నా ఎత్తు, 14 వేల అడుగులు పైనే, నేల మీద చిల్లుల ఇనప రేకులు పరిచిన స్ట్రిప్. అక్కడికి మన ట్యాంకు రెజిమెంటు 20వ లాన్సర్స్ వాళ్ళ ఏఎమ్‌ఎక్స్-13 ట్యాంకుల్ని విమానంలో తీసుకెళ్ళాలని నిర్ణయించారు. ఏఎమ్‌ఎక్స్-13 ఫ్రెంచ్ ట్యాంకు, ట్యాంకుల్లో తేలికది, అయినా 14 టన్నుల దాకా ఉంటుంది. ఆంటొనోవ్-12కి ఇప్పటి విమానాల్లాగా తనంతట తను కిందికి వాలే ర్యాంపు లేదు, వెనక తలుపులు లోపలికి మడుచుకుంటాయి, ట్యాంకు ఎక్కాలంటే విడిగా ర్యాంపులు తెచ్చి ఆనించాలి. గొలుసు చక్రాల బండి ఆ ర్యాంపు ఎక్కి లోపలికెళ్ళి అటూ ఇటూ జానెడు సందులో ఆగాలి, విమానం బరువు సరిగ్గా మధ్యకి రావాలి, ముందుకి ఎక్కువైనా వెనక్కి ఎక్కువైనా కొండల మధ్య ప్రాణం మీదికొస్తుంది.

అక్టోబర్ 25న ట్యాంకులు చుషూల్‌లో దిగాయి. మొత్తం ఆరు. విని ఇంతేనా అనిపించొచ్చు, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ నవంబర్ 18న చుషూల్ మీద దాడి జరిగినప్పుడు, రెజాంగ్ లాలో మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ ప్రాణాలిచ్చిన ఆ రోజే, పక్కన గురుంగ్ హిల్ దగ్గర మన వాళ్ళకి అండగా పేలింది ఈ ట్యాంకులే. అంత ఎత్తుకి విమానంలో ట్యాంకు వస్తుందని ఎవరనుకుంటారు? ఆ యుద్ధంలో మనకి చెప్పుకోడానికి మిగిలినవి తక్కువ, అందులో ఇదొకటి అని నా అభిప్రాయం. స్కూల్లో 1962 పాఠం చదివాం కదా, ఓడిపోయాం అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఆ ఆరు ట్యాంకుల్ని ర్యాంపు ఎక్కించిన వాళ్ళ గురించి ఒక్క లైను లేదు.

తర్వాత సంగతి 1968. ఇది చెప్పేటప్పుడు బాబాయ్ గొంతు మారిపోతుంది. అప్పటికి ఆయన చేరి ఏడాది, ట్రైనింగ్‌లో ఉన్నాడు, బెల్గాం దగ్గర సాంబ్రాలో మొదలుపెట్టి తర్వాత తాంబరం. ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లే బయల్దేరిన ఒక ఆంటొనోవ్-12, నంబరు బీఎల్-534, వాతావరణం బాగోలేక వెనక్కి తిరిగింది, తిరిగొస్తూ హిమాచల్‌లో రోహ్‌తాంగ్ కనుమ దగ్గర్లో రేడియోకి అందకుండా పోయింది. అందులో 102 మంది ఉన్నారు. ఎంత వెతికినా దొరకలేదు. ఒక ముక్క కూడా దొరకలేదు. బాబాయ్ చండీగఢ్ చేరేసరికి రెండేళ్ళు గడిచాయి, అయినా టీ దగ్గర కూర్చుంటే మాట అటే పోయేదట, పాకిస్తాన్‌లో దిగిందేమో, చైనా వాళ్ళు పట్టుకున్నారేమో, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు. ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు బొట్టు తీయాలో ఉంచాలో తెలియక ఏళ్ళ తరబడి అలా ఉండిపోయారు. దీని మిగతా భాగం చివర్లో చెప్తా, ఎందుకంటే అది నిజంగానే మొన్న మొన్నటిదాకా అవలేదు.

1971. "బాంబులు పెట్టిన ఏడు."

మోసుకెళ్ళే విమానంతో బాంబులు వేయించడం అనేది వినడానికే విచిత్రం. మన దగ్గర అసలైన బాంబర్లు కాన్‌బెర్రాలు, అవి తక్కువ, పనులు ఎక్కువ. అప్పుడు 44వ స్క్వాడ్రన్ ఆంటొనోవ్‌ల్లో సామాను బదులు బాంబులు పేర్చి, వెనక తలుపు తెరిచి గాల్లోంచి దొర్లించాలని ఆలోచన చేశారు. తలుపులు లోపలికి మడుచుకుంటాయని పైన చెప్పానే, అదిక్కడ పనికొచ్చింది, గాల్లో ఉండగా తెరవచ్చు. రోజూ పారాచూట్ కట్టిన బియ్యం మూటలు విడిచే చేతులతోనే బాంబులు విడవాలి. ఎప్పుడు విడవాలో చెప్పేది ముందు గాజు ముక్కులో కూర్చునే నావిగేటర్. ఎయిర్ ఫోర్స్‌లో నావిగేటర్ల ట్రైనింగ్ అనగానే మన బేగంపేట పేరే చెప్తారు, ఇది మన హైదరాబాద్ వాళ్ళకే చాలా మందికి తెలియదు.

కమాండింగ్ ఆఫీసర్ వింగ్ కమాండర్ విద్యాభూషణ్ వశిష్ఠ్. తనే ముందుండి తీసుకెళ్ళాడు. డిసెంబర్‌లో యుద్ధం మొదలవగానే రాత్రిపూట లాహోర్‌కి దిగువన ఉన్న చాంగా మాంగా అడవి మీదికి వెళ్ళారు. అది దేవుడు పెంచిన అడవి కాదు, బ్రిటిష్ వాళ్ళు రైలింజన్లకి కట్టెల కోసం నాటించిన తోపు, కొన్ని వేల ఎకరాలు. ఆ చెట్ల కింద పాకిస్తాన్ సైన్యం మందుగుండు దాచుకుంది. ఆలోచించండి, ఆంటొనోవ్ అంటే నెమ్మదిగా పోయే పెద్ద విమానం, తోకలో గన్నర్ ఒక్కడు తప్ప దాని దగ్గర పోరాడే ఆయుధం లేదు, చీకట్లో లైట్లార్పుకుని కింద నుంచి గన్లు కాలుస్తుంటే తిన్నగా ఒకే లైన్లో పోవాలి, లేకపోతే బాంబు గురి తప్పుతుంది. తర్వాత కశ్మీర్‌లో హాజీ పీర్ దగ్గర శత్రువు గన్ పొజిషన్ల మీదికీ వెళ్ళారు, యుద్ధం ఆఖర్లో పాకిస్తాన్ చేతిలో ఉన్న స్కర్దూ ఎయిర్‌ఫీల్డ్ మీదికీ వెళ్ళారు. ఒక్క విమానం కూడా పోలేదు. వశిష్ఠ్ గారికి మహావీర చక్ర ఇచ్చారు.

బాబాయ్ అప్పుడు ఇరవై మూడేళ్ళ కుర్రాడు. విమానం వెనక్కొస్తే కింద టార్చిలైట్ పెట్టి ఒళ్ళంతా తడిమి చూడటం వీళ్ళ పని, ఎక్కడన్నా చిల్లు పడిందా, తీగ తెగిందా, నూనె కారుతోందా అని. తెల్లారేసరికి మళ్ళీ రెడీ చేయాలి. "భయమేసేది కాదా" అని అడిగా ఒకసారి. "వెళ్ళినవి వెళ్ళినట్టు లెక్కపెట్టుకునేవాళ్ళం, వచ్చినవి వచ్చినట్టు లెక్కపెట్టుకునేవాళ్ళం. మధ్యలో ఉన్న టైము ఉంది చూడూ, అది చెప్పలేనురా" అన్నాడు. రెండు లెక్కలూ ఒకటే అయిన రోజున మెస్సులో అందరూ రెండేసి కప్పుల టీ తాగేవాళ్ళట.

1971లోనే డిసెంబర్ 11న టంగాయిల్‌లో పారాచూట్ బెటాలియన్‌ని దింపిన సంగతి మీలో చాలా మంది వినే ఉంటారు, అందులో ఆంటొనోవ్‌లతో పాటు ప్యాకెట్లు, డకోటాలు, కారిబూలు అన్నీ కలిసి పాల్గొన్నాయి. దాని మీద బోలెడు రాశారు కాబట్టి నేను వదిలేస్తున్నా.

తర్వాత పదేళ్ళు, బాబాయ్ వేరే చోట్ల తిరిగాడు, జోధ్‌పూర్, బరేలీ, ఇంకెక్కడెక్కడో. స్క్వాడ్రన్ మాత్రం చండీగఢ్ నుంచి అదే పని, పొద్దున లేవడం, లే, లేదా లడఖ్‌లోనే ఉన్న ఇంకో ఎయిర్‌ఫీల్డ్ తోయిస్, వెనక్కి. 1984లో సియాచిన్ మీదికి మన సైన్యం వెళ్ళాక ఆ పని ఇంకా పెరిగింది. ఆంటొనోవ్‌లు అప్పటికే ముసలివైపోతున్నాయి, స్పేర్లు దొరకవు, ఒకదాంట్లోంచి తీసి ఇంకోదానికి పెట్టడం.

1985లో ఇల్యూషిన్-76 వచ్చింది. మన వాళ్ళు దానికి పెట్టుకున్న పేరు గజరాజ్, ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయింది. నాలుగు జెట్ ఇంజన్లు, ఇరవై చక్రాలు, 40 టన్నులు దాటి ఎత్తుతుంది, లోపలంతా గాలి ఒత్తిడి ఉంటుంది కాబట్టి జవాన్లు ఇక మాస్కులు పెట్టుకుని వణకక్కర్లేదు. బాబాయ్‌కి అన్నిటికన్నా నచ్చింది అదే. ర్యాంపు కూడా తనకే ఉంది, పైన లోపలే బరువులెత్తే హాయిస్టులు ఉన్నాయి. మొత్తం 17 కొన్నారు. 1987లో శ్రీలంకకి శాంతి సేన వెళ్ళినప్పుడు జాఫ్నా దగ్గర పలాలీ ఎయిర్‌ఫీల్డ్‌కి టీ-72 ట్యాంకుల్ని ఇవే మోశాయి. 14 టన్నుల ట్యాంకుని తీసుకెళ్ళి పాతికేళ్ళయింది, ఇప్పుడు 41 టన్నులది. బాబాయ్ ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన చెప్పి ఊరుకుంటాడు, ఇంకేం వివరించడు.

ఇక 1988 నవంబర్ 3. మాల్దీవుల మీద కిరాయి సైనికులు దాడి చేశారు. మాల్దీవుల వ్యాపారి అబ్దుల్లా లుతుఫీ వెనకుండి నడిపించాడు, పడవల్లో వచ్చిన ఆయుధాల వాళ్ళు ప్లాట్ (PLOTE) అనే శ్రీలంక తమిళ గ్రూపు మనుషులు. ప్రెసిడెంట్ గయూమ్ ఇల్లు మారుతూ దాక్కుంటూ ఇండియాకి కబురు పంపాడు. రాజీవ్ గాంధీ ప్రభుత్వం సరే అంది. ఆగ్రాలో పారాచూట్లతో దూకే సైనికుల 50వ పారా బ్రిగేడ్ ఉంది, పక్కనే 44వ స్క్వాడ్రన్ ఉంది. కమాండింగ్ ఆఫీసర్ గ్రూప్ కెప్టెన్ అనంత్ బేవూర్.

ఆరోజు ఆగ్రాలో జరిగిన బ్రీఫింగ్ గురించి ఒక సంగతి ఉంది, చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. దిగాల్సింది మాలే పక్కన హుల్హులే దీవిలో ఉన్న ఎయిర్‌పోర్టులో. బ్రీఫింగ్‌లో అందరి ముందూ పెట్టిన బొమ్మ మాత్రం దక్షిణాన ఎక్కడో ఉన్న గాన్ ఎయిర్‌ఫీల్డ్‌ది. సెలవు మీద ఢిల్లీ వచ్చి ఉన్న మన హైకమిషనర్ బెనర్జీ గారిని అక్కడికి పిలిపించారు కాబట్టి సరిపోయింది, ఆయన చూసి ఇది అది కాదు అన్నాడు. గూగుల్ మ్యాపు లేని రోజులు మరి. టూరిస్టుల కోసం అచ్చేసిన మ్యాపుల్లోంచి వివరాలు తీసుకుని వెళ్ళారు. బెనర్జీ గారు కూడా అదే విమానంలో ఎక్కి వెళ్ళాడు.

బాబాయ్ వాళ్ళకి ఇవేవీ తెలియవు. మధ్యాహ్నం నుంచి ఎవర్నీ ఇంటికి పోనివ్వలేదు, ఎక్కడికో అడగొద్దన్నారు. రెండు గజరాజ్‌లు, ట్యాంకుల నిండా ఇంధనం, పారా కుర్రాళ్ళు, జీపులు, మందుగుండు. కుదిరితే దిగడం, దిగే వీలు లేకపోతే పారాచూట్లతో దూకడం, రెండింటికీ సరిపోయేలా లోడు పెట్టాలి. దూకేవాళ్ళ దారికి జీపులు అడ్డం రాకూడదు, మళ్ళీ దిగాక జీపులు త్వరగా బయటికి రావాలి. ఈ సంగతి చెప్తున్నప్పుడు బాబాయ్ మంచం మీద అగ్గిపెట్టెలు పెట్టి చూపించాడు, ఇది జీపు, ఇది ఇంకో జీపు, ఇక్కణ్ణుంచి కుర్రాళ్ళు అని. డెబ్భై దాటిన మనిషి అంత ఇష్టంగా చూపిస్తుంటే పిన్ని కూడా పని మానేసి వచ్చి నిలబడింది, ఇన్నేళ్ళలో ఆవిడా ఎప్పుడూ వినలేదట.

ఆగ్రా నుంచి మాలే రెండు వేల కిలోమీటర్ల పైనే, మధ్యలో ఎక్కడా ఆగలేదు. చీకటి పడ్డాక సముద్రం మీద ఆ చిన్న దీవిని వెతుక్కుని దిగాలి, రన్‌వేకి రెండు వైపులా నీళ్ళే. ఎయిర్‌పోర్టు శత్రువు చేతిలో ఉందో లేదో ఖాయంగా తెలియదు. లైట్లు కాసేపు వెలిగించి ఆర్పేశారు, ఆ కాసేపట్లో లైను పట్టుకుని చీకట్లో దించారు. ఒకదాని వెనక ఇంకోటి. గయూమ్ సహాయం అడిగి ఒక్క రోజు కూడా తిరగలేదు, మన పారా వాళ్ళు అక్కడ కాలు పెట్టారు, తెల్లారే లోపు గయూమ్‌ని క్షేమంగా చేరుకున్నారు. లుతుఫీ మనుషులు ప్రోగ్రెస్ లైట్ అనే ఓడని పట్టుకుని బందీలతో పారిపోతే మన నేవీ ఓడలు వెంటాడి పట్టుకున్నాయి, ఆ రెండు ఓడల పేర్లు ఐఎన్‌ఎస్ గోదావరి, ఐఎన్‌ఎస్ బేత్వా. గోదావరి పేరు ఆ వార్తలో విన్నప్పుడు ఆగ్రా క్వార్టర్స్‌లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ ఎంత పొంగిపోయాయో పిన్ని ఇప్పటికీ చెప్తుంది.

నన్నడిగితే ఈ మొత్తం పనిలో అందరూ మర్చిపోయే ముక్క ఒకటుంది. ఫోన్ వచ్చిన కొద్ది గంటల్లో రెండు పెద్ద విమానాలు ఎగరడానికి రెడీగా ఉన్నాయి అంటే, ఆ ముందు రోజు, ఆ ముందు వారం, ఆ ముందు నెల ఎవరో వాటిని ఒళ్ళు దాచుకోకుండా చూసుకున్నారన్నమాట. మర్నాడు పేపర్లలో ఆ ముక్క ఉండదు. బాబాయ్‌కి దాని గురించి బాధ లేదు, నాకే ఉంది.

ఆయన 1990లో రిటైరయ్యాడు. ఆ తర్వాతవి దూరం నుంచి పేపర్లో చూసి కత్తిరించి పెట్టుకున్నవే. 1999 కార్గిల్, 2001 భుజ్ భూకంపం, 2004 సునామీ. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఒక గజరాజ్ దుప్పట్లు, టార్పాలిన్లు వేసుకుని 25 టన్నుల లోడుతో ఆర్కాన్సాలో లిటిల్ రాక్ దాకా వెళ్ళింది. ఆ కటింగ్ మీద బాబాయ్ పెన్నుతో "దుప్పట్లు" అని అండర్‌లైన్ చేశాడు. 2013లో సీ-17లు వచ్చాక గజరాజ్‌ల మీద భారం కొంత తగ్గింది, స్పేర్ల ఇబ్బంది వాటికీ తప్పలేదు, అయినా ఇంకా ఎగురుతున్నాయి. 2020లో గల్వాన్ గొడవ తర్వాత మళ్ళీ ట్యాంకులు గాల్లో లే చేరాయి, ఈసారి టీ-90లు, పదుల లెక్కన. ఆ వార్త వచ్చిన రోజు ఆయనే నాకు ఫోన్ చేసి "మళ్ళీ ఎక్కించారు చూశావా" అన్నాడు. 1962లో ఆరే.

ఇప్పుడు ఆ 1968 సంగతి. 35 ఏళ్ళు ఏ జాడా లేదు. 2003లో మనాలి మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు లాహౌల్ వైపు ఢాకా గ్లేసియర్ దగ్గర కొండెక్కుతుంటే విమానం ముక్కలు కనిపించాయి, దాంతోపాటు ఒక జవాను శరీరం, జేబులో కాగితాలతో సహా. మంచు దాచి ఉంచింది. అప్పుడు తెలిసింది పాకిస్తానూ కాదు, చైనా కాదు, ఇక్కడే, మన కొండల్లోనే ఉన్నారని. 2007లో ఇంకో ముగ్గురు దొరికారు. 2018లో ఒకరు. గ్లేసియర్ కదులుతూ ఉంటుంది కదా, అది కిందికి జరిగే కొద్దీ ఒక్కొక్కళ్ళనీ విడుస్తోంది.

2024 సెప్టెంబర్ చివర్లో సైన్యంలోని డోగ్రా స్కౌట్స్ వాళ్ళు, తిరంగా మౌంటెన్ రెస్క్యూ వాళ్ళు కలిసి వెతికితే నలుగురు దొరికారు. అందులో ఒకరు కేరళలో పత్తనంతిట్ట జిల్లా ఎలంతూరు అబ్బాయి, సైన్యంలో రిపేర్ల పని చూసే ఈఎమ్‌ఈలో క్రాఫ్ట్స్‌మన్, పోయేనాటికి 22 ఏళ్ళు. 56 ఏళ్ళ తర్వాత శవపేటిక ఇంటికొచ్చింది. అమ్మా నాన్నా లేరు, తోబుట్టువులు ముసలివాళ్ళయిపోయారు, టీవీలో వాళ్ళని చూపించారు. బతికుంటే ఆయనకి మా బాబాయ్‌కున్నంత వయసుంటుంది, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ.

నేను దసరాకి ఊరెళ్ళినప్పుడు బాబాయ్ ఆ పేపరు దాచి ఉంచి నాకు చూపించాడు. పక్కనే గళ్ళ అట్ట డైరీ, చివరి పేజీ తెరిచి ఉంది. పైన 102 అని రాసుంది, పాత ఇంకు, రంగు వెలిసిపోయింది. దాని కింద ఒకటి, మూడు, ఒకటి అని మూడు అంకెలు మూడు రకాల పెన్నులతో. అన్నిటికన్నా కింద 4, ఇది కొత్త బాల్‌పెన్నుది. చెయ్యి వణికినట్టుంది, అంకె కొంచెం వంకరగా పడింది. గీత గీసి కింద 93 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.